తీగ చెప్పకనే చెప్పేవి

రైసుమిల్లు గేటు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి, ఆస్పత్రి ల్యాబులో రక్తం పరీక్షించే ఎనలైజర్, ఫ్యాక్టరీ ప్యానెల్‌బోర్డులో కరెంటు మీటరు. వీటికి ఒకదానితో ఒకటి పోలికే లేదు. కానీ మూడింటి వెనక వైపు చూస్తే సాధారణంగా ఒకే కుటుంబానికి చెందిన సాకెట్టు కనిపిస్తుంది. తొమ్మిది పిన్నులదైనా, స్క్రూల కింద రెండు తీగలు బిగించేదైనా అది సీరియల్ పోర్టు. కాటా చూపే బరువు, ఎనలైజర్ తేల్చిన ఫలితం, మీటరు రీడింగు అందులోంచి ఒక్కో అక్షరంగా బయటికి వస్తాయి. వాటిని ఎక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటరుకు చేర్చడానికి బజారులో చిన్న డబ్బా దొరుకుతుంది. దానికి ఒక పక్క సీరియల్ సాకెట్టు, రెండో పక్క ఈథర్‌నెట్ సాకెట్టు. డివైజ్ సర్వర్ అని దాని పేరు. బిగించేవాళ్లు మాత్రం కన్వర్టర్ అనే అంటారు. ఆకారం కుదరని ప్లగ్గుకు తగిలించే అడాప్టర్ లాంటిదే ఇదీ అనుకుని తగిలించేస్తారు. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఈ అభిప్రాయమేనని నా వాదన. సీరియల్ తీగ అక్షరాలతోపాటు మరికొన్ని సంగతులను చెప్పకనే చెబుతుంది: మాట ఎక్కడ ముగిసింది, అవతలివాడు ఉన్నాడా లేడా, అసలు మాట్లాడుతున్నది ఎవరు. నెట్‌వర్కులో వీటిలో ఒక్కటీ దానంతటది తెలియదు. ప్రతిదాన్నీ ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి.

ముందు తీగ సంగతి చూద్దాం. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ 1960లో ఆర్‌ఎస్-232 ప్రమాణాన్ని తెచ్చింది. టెలిప్రింటర్ల వంటి యంత్రాలను మోడెములకు కలపడం దాని పని. 1969లో వచ్చిన ‘సి’ రూపం ఎక్కువగా స్థిరపడింది. అందులో ఒకటి అనే బిట్టుకు మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నాకు ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. లైను ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ వైపు నిలబడి ఉంటుంది. అక్షరం బయలుదేరేటప్పుడు ఒక బిట్టుకాలం ప్లస్ వైపు దూకుతుంది. దాన్ని స్టార్ట్ బిట్ అంటారు. తర్వాత ఎనిమిది బిట్ల అక్షరం, చివర స్టాప్ బిట్. అందుకునే యంత్రానికి పంపే యంత్రం గడియారం తెలియదు. స్టార్ట్ బిట్ చూసిన క్షణం నుంచి తన గడియారంతో లెక్కపెట్టుకుంటూ ఒక్కో బిట్టూ చదువుకుంటుంది. సెకనుకు 9600 బిట్ల వేగం అనుకుంటే అక్షరానికి పది బిట్ల చొప్పున సెకనుకు 960 అక్షరాలు వస్తాయి. అంటే ఒక్కో అక్షరానికి మిల్లీసెకనుకు కొంచెం పైన పడుతుంది. పూర్తిగా కాలం మీద ఆధారపడిన పద్ధతి ఇది. అడ్రస్సు లేదు, పొడవు రాసిన చీటీ లేదు, పంపినవాడి పేరు లేదు. రెండు చివర్లా రెండే యంత్రాలు ఉన్నప్పుడు అవన్నీ ఎందుకు? 1983లో వచ్చిన ఆర్‌ఎస్-485 ఇదే పద్ధతిని రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాగా మార్చి, 1200 మీటర్ల దాకా సాగదీసి, ఒకే జత తీగల మీద 32 యంత్రాలకు చోటిచ్చింది.

ఈథర్‌నెట్ పుట్టుక వేరు. 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాన్ని రూపొందించినప్పుడే, ఒకే కేబులును అనేక కంప్యూటర్లు పంచుకోవాలన్నది మూలసూత్రం. పంచుకోవాలంటే ప్రతి మూటమీదా ఎవరికి, ఎవరినుంచి అని ఉండాలి. కనీసం 64 బైట్లు, మామూలుగా గరిష్ఠంగా 1518 బైట్లు ఉండే ఆ మూటను ఫ్రేమ్ అంటారు. దాని లోపల ఐపీ శీర్షిక, అందులోపల టీసీపీ శీర్షిక, అప్పుడు గానీ అసలు సరుకు రాదు. సీరియల్ తీగ మీద ధార, ఈథర్‌నెట్‌లో మూటలు. డబ్బా లోపల చిన్న ప్రాసెసరు, కొంత మెమరీ, టీసీపీ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. సీరియల్ వైపు వచ్చిన అక్షరాలను అది మెమరీలో పోగేసి, ఇక చాలు అనుకున్నప్పుడు మూటగట్టి పంపుతుంది. ‘ఇక చాలు’ అని ఎప్పుడు అనుకోవాలి? మొత్తం విషయం ఇక్కడే ఉంది.

లెక్క వేస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. సెకనుకు 10 కోట్ల బిట్ల ఈథర్‌నెట్‌లో 64 బైట్ల ఫ్రేము వెళ్లడానికి పట్టేది 5 మైక్రోసెకన్ల చిల్లర. అదే సీరియల్ లైను మీద ఒక్క అక్షరానికి 1040 మైక్రోసెకన్లు. అంటే ఒక అక్షరం వచ్చే సమయంలో నెట్‌వర్కు రెండు వందల ఫ్రేములు పంపగలదు. కాబట్టి ‘కన్వర్టర్ పెట్టాక స్లో అయింది, నెట్‌వర్క్ సరిపోవట్లేదు’ అనే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ తప్పే. ఆలస్యం దారిలో లేదు, మూట కట్టాలా వద్దా అని డబ్బా ఆగిన చోట ఉంది. దానికి మూడు రకాల నియమాలు పెట్టవచ్చు. ఇన్ని బైట్లు పోగయ్యాక పంపు అనేది ఒకటి. ఇన్ని మిల్లీసెకన్లు కొత్త అక్షరం రాకపోతే పంపు అనేది రెండోది. ఫలానా అక్షరం కనిపించగానే పంపు అనేది మూడోది. డబ్బా సెట్టింగుల పేజీలో ఇవి ఉంటాయి. చాలామంది ఆ పేజీ తెరవరు. ఐపీ అడ్రస్సు, బాడ్ రేటు (సీరియల్ లైను వేగం) ఇచ్చేసి మూసేస్తారు.

వేబ్రిడ్జి దగ్గరికి వద్దాం. 24,850 కిలోల లోడు లారీ ఎక్కింది. ఇండికేటరు ఆ అంకెలను వరసగా పంపుతోంది, ప్రతి బరువు చివరా పంక్తి ముగిసిందని చెప్పే గుర్తుతో. డబ్బా కేవలం సమయాన్ని బట్టి మూట కడుతుంటే ఒక మూటలో 248, తర్వాతి దాంట్లో 50 పడవచ్చు. టీసీపీ దృష్టిలో ఇది తప్పు కానే కాదు. అక్షరాలు ఒక్కటి పోకుండా, వరస తప్పకుండా చేర్చడమే అది ఇచ్చిన హామీ. ఎక్కడ విరగ్గొడతానో అది ఎన్నడూ చెప్పలేదు. ఆఫీసులో ప్రోగ్రాము రాసినతను ‘ఒకసారి చదివితే ఒక బరువు’ అనుకుని ఉంటే, ధాన్యం బరువు 248 అని పడే ప్రమాదం ఉంది. నేరుగా తీగ ఉన్నప్పుడు అంకెలు ఎడం లేకుండా వచ్చేవి కాబట్టి ఆ ప్రోగ్రాము ఏళ్ల తరబడి బాగానే నడిచి ఉండవచ్చు. లోపం ముందునుంచీ ఉంది, తీగ దాన్ని కాపాడుతూ వచ్చింది. పంక్తి ముగింపు గుర్తు కనిపించగానే పంపమని డబ్బాలో పెట్టడం ఒక మేలు. ఆ గుర్తు వచ్చేదాకా అంకెలను కూడబెట్టేలా ప్రోగ్రామును సరిదిద్దడం అసలైన మందు. రైతుకు వచ్చే డబ్బు ఆ అంకె మీద ఆధారపడినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

కాటాలో కనీసం ముగింపు గుర్తు ఉంది. మాడ్‌బస్‌లో అదీ లేదు. 1979లో మాడికాన్ సంస్థ తన కంట్రోలర్ల కోసం తయారుచేసిన ఈ పద్ధతి నేటికీ కరెంటు మీటర్లలో, పంపుసెట్ల డ్రైవుల్లో, చిల్లర్లలో నడుస్తోంది. దాని ఆర్‌టీయూ రూపంలో సందేశం ముగిసిందని తెలిపేది నిశ్శబ్దమే. మూడున్నర అక్షరాల కాలం లైను మౌనంగా ఉంటే ఆ సందేశం అయిపోయినట్టు. 9600 వేగంలో అక్షరానికి 11 బిట్ల లెక్కన అది 4 మిల్లీసెకన్లు. మృదంగంలో దెబ్బతో పాటు దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం కూడా లెక్కలోకి వచ్చినట్టే ఇక్కడ మౌనం సందేశంలో భాగం. ఇప్పుడు మీటరు ఇచ్చిన నలభై అయిదు బైట్ల జవాబును డబ్బా మూడు మూటలు చేసిందనుకోండి. ఆఫీసు వైఫై మీద ఆ మూటల మధ్య పది ఇరవై మిల్లీసెకన్ల ఎడం రావడం సర్వసాధారణం. అక్షరాలన్నీ చేరతాయి, మౌనం మాత్రం చోటు మారుతుంది. చదివే ప్రోగ్రాము మొదటి మూటనే పూర్తి సందేశం అనుకుని, చివర సరిచూసే అంకె (సీఆర్‌సీ) కుదరలేదని పారేస్తుంది. తెర మీద ‘సీఆర్‌సీ ఎర్రర్’ అని వస్తుంది. మనుషులు కేబుల్ మారుస్తారు, మీటరు మారుస్తారు. కేబులు నిక్షేపంగా ఉంది, మీటరూ అంతే.

ఇదే మాడ్‌బస్‌కు నెట్‌వర్కు రూపం తెచ్చినవాళ్లు ఏం చేశారో చూస్తే నా వాదనకు బలమైన సాక్ష్యం దొరుకుతుంది. మాడ్‌బస్ టీసీపీలో మౌనానికి విలువ లేదు. చివరి రెండు బైట్ల సీఆర్‌సీ తీసేశారు, ఎందుకంటే కింది పొరలు ఆ పని చేస్తాయి. దానికి బదులు ముందు ఏడు బైట్ల శీర్షిక పెట్టారు. అందులో ‘ఇక్కడినుంచి ఇన్ని బైట్లు’ అనే పొడవు, ఏ ప్రశ్నకు ఏ జవాబో తెలిపే వరస సంఖ్య ఉంటాయి. తీగ మీద మౌనంగా ఉన్న సంగతి నెట్‌వర్కులోకి వచ్చేసరికి అంకెగా మారింది. అందుకే మాడ్‌బస్ మీటర్లకు అక్షరాలను ఉన్నవున్నట్టు మోసే మామూలు కన్వర్టర్ కాకుండా, ఆ భాష తెలిసిన గేట్‌వే కొనాలి. అది తీగ పక్కనే కూర్చుని 4 మిల్లీసెకన్ల లెక్క తనే చూసుకుంటుంది, నెట్‌వర్కు వైపు పొడవు రాసి పంపుతుంది.

ల్యాబు ఎనలైజర్లది దీనికి ఎదురు ఉదాహరణ. వాటిలో ఎక్కువగా వాడే ఏఎస్‌టీఎం పద్ధతిలో ‘అడగనా?’, ‘సరే’, ‘మొదలు’, ‘ముగింపు’ అన్నింటికీ విడివిడి అక్షరాలున్నాయి. ప్రతి ముక్కకూ వరస సంఖ్య, చివర సరిచూసే మొత్తం ఉంటాయి. మొదటి ప్రమాణంలో ముక్క 240 అక్షరాలకు మించకూడదు. పంపేవాడు జవాబు కోసం 15 సెకన్లు ఆగుతాడు. నెట్‌వర్కు ఎంత మందకొడిగా ఉన్నా ఆ గడువు ముందు లెక్కలోది కాదు. అందుకే పాత ఎనలైజరును మామూలు డబ్బాతో ఆస్పత్రి నెట్‌వర్కులోకి తెస్తే చాలావరకు ఇబ్బంది రాదు. యంత్రం పాతదా కొత్తదా అన్నది కాదు, దాని భాషలో హద్దులు రాసి ఉన్నాయా, కాలానికి వదిలేశారా అన్నదే ప్రశ్న.

ఈ కాలం గొడవలో నెట్‌వర్కు వైపు నుంచి కూడా ఒక చెయ్యి ఉంది. 1984లో జాన్ నేగల్ ఒక సమస్యను వివరించారు. టెర్మినల్ దగ్గర మనిషి ఒక్క మీట నొక్కితే ఒక బైటు కోసం 40 బైట్ల శీర్షికలతో 41 బైట్ల ప్యాకెట్టు బయల్దేరుతోంది. రద్దీగా ఉన్న దారుల్లో ఇది మోయలేని భారం. ముందు పంపినదానికి రసీదు వచ్చేదాకా చిన్న ముక్కలను ఆపి, కలిపి పంపమన్నారాయన. మంచి ఆలోచన, ఇప్పటికీ టీసీపీలో ఉంది. అయితే అవతలి కంప్యూటరు కూడా రసీదును వెంటనే ఇవ్వకుండా 200 మిల్లీసెకన్ల దాకా ఆపే అలవాటుతో ఉంటే, ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తారు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అని సాగే మీటరు సంభాషణలో ఇది అడుగడుగునా ఆలస్యం తెస్తుంది. టీసీపీ నో-డిలే అనే సెట్టింగు పెడితే ఆ ఆపడం పోతుంది. దారిని కాపాడటానికి పుట్టిన నియమం, దారి ఖాళీగా ఉన్నచోట అడ్డమవుతోంది కనుక ఇక్కడ దాన్ని తీసేయడంలో తప్పులేదు.

ఇక అవతలివాడు ఉన్నాడా లేడా అన్న సంగతి. ఆర్‌ఎస్-232 కేబులులో డేటా తీగలే కాక, ‘నేను సిద్ధం’, ‘పంపవచ్చా’, ‘పంపు’ అని వోల్టేజీతో చెప్పే తీగలు వేరుగా ఉన్నాయి. వాటిని కలిపి ఉంచితే, కేబులు ఊడినా, యంత్రం ఆగినా ఆ వోల్టేజీ పడిపోతుంది, వెంటనే తెలుస్తుంది. టీసీపీలో కనెక్షన్ అంటే రెండు కంప్యూటర్ల మెమరీలో ఉన్న జ్ఞాపకం మాత్రమే. ఆఫీసు పీసీకి ఉన్నట్టుండి కరెంటు పోయిందనుకోండి. ముగించే మాట చెప్పకుండానే అది ఆరిపోయింది. డబ్బాకు ఆ సంగతి తెలియదు, కనెక్షన్ ఇంకా ఉందనే అనుకుంటుంది. పీసీ మళ్లీ లేచి పలకరిస్తే, ఒక్కరికే చోటిచ్చే డబ్బా ‘వేరేవాళ్లు మాట్లాడుతున్నారు’ అని తలుపు తీయదు. బతికున్నావా అని అడిగే కీప్-అలైవ్ ప్యాకెట్టుకు టీసీపీ మామూలు గడువు రెండు గంటలు. అందుకే ‘డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేస్తే పనిచేస్తుంది’ అనే చిట్కా అంతటా వ్యాపించింది. ఆ గడువును కొన్ని సెకన్లకు దించితే ఆ చిట్కా అవసరం రాదు. పిన్నుల మీది సంకేతాలను కూడా నెట్‌వర్కులో మాటలుగా రాసే పద్ధతి ఒకటుంది. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2217 టెల్నెట్‌లో అందుకు ఆదేశాలు చేర్చింది. బాడ్ రేటు మార్చు, ఫలానా పిన్ను పైకెత్తు అని దూరంనుంచే చెప్పవచ్చు. పాత సాఫ్ట్‌వేర్ ఆ పిన్నుల మీద ఆధారపడితే ఈ సదుపాయం ఉన్న డబ్బానే తీసుకోవాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది: ఇంత తంటా ఎందుకు, యంత్రం పక్కనే పీసీ ఒకటి పెట్టి యూఎస్‌బీ కన్వర్టర్ తగిలిస్తే పోదా? పీసీని యంత్రానికి కట్టేయడం ఇష్టమైతే పర్వాలేదు. కానీ కాలం సమస్య అక్కడా ఉంది. యూఎస్‌బీ కన్వర్టర్లలో ఎక్కువగా వాడే ఎఫ్‌టీడీఐ చిప్పులు బైట్లను 16 మిల్లీసెకన్ల దాకా కూడబెట్టి పంపేలా మొదటినుంచే అమర్చి వస్తాయి. మాడ్‌బస్ 4 మిల్లీసెకన్ల మౌనం అక్కడే పోతుంది. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: పాత యంత్రం తీసేసి నేరుగా ఈథర్‌నెట్ ఉన్నది కొంటే సరి కదా? కొలిచే భాగం చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని సాకెట్టు కోసం పారేయడం డబ్బు దండగ అన్నది ఒక జవాబు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఈథర్‌నెట్ ఉందని అమ్మే యంత్రాల్లో కొన్నింటి లోపల ఉండేది ఈ డబ్బానే. సాకెట్టంత సైజులో ప్రాసెసరుతో సహా ఇమిడిపోయే మాడ్యూళ్లను లాంట్రానిక్స్ లాంటి సంస్థలు తయారుచేస్తాయి. తయారీదారు వాటిని పాత సీరియల్ బోర్డుకు అతికించి కొత్త మోడల్ అంటాడు. చిక్కు పోలేదు, పెట్టె లోపలికి వెళ్లింది. అప్పుడు సెట్టింగుల పేజీ కూడా మన చేతికి అందకపోవచ్చు.

కొన్ని విషయాల్లో ఈథర్‌నెట్‌కు మారడం నికరంగా లాభమే, అదీ చెప్పాలి. ఆర్‌ఎస్-232లో రెండు యంత్రాల ఎర్తు కలిసిపోతుంది. వేర్వేరు భవనాల్లో ఎర్తు వోల్టేజీ తేడా ఉంటే పోర్టులు కాలిపోవచ్చు. ఈథర్‌నెట్ సాకెట్టులో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కనుక రెండు వైపులా విద్యుత్ పరంగా విడిగా ఉంటాయి. కాబట్టి డబ్బాను యంత్రం పక్కనే పెట్టి సీరియల్ తీగను ఒకటి రెండు మీటర్లకు కుదించి, దూరమంతా ఈథర్‌నెట్‌కు వదిలేయడం మంచి పని.

మూడో సంగతి, మాట్లాడుతున్నది ఎవరు అన్నది, అన్నింటికంటే ప్రమాదకరం. సీరియల్ తీగకు పాస్‌వర్డు అక్కర్లేదు. ఆ గదిలోకి రాగలిగినవాడే ఆ తీగ పట్టుకోగలడు, గదికి తాళం ఉంది. డబ్బా పెట్టిన క్షణం ఆ తాళం పనికిరాకుండా పోతుంది. మాడ్‌బస్ టీసీపీలో 502 అనే పోర్టు నంబరు తెలిస్తే చాలు, చదవమన్నా ఇస్తుంది, రాయమన్నా రాస్తుంది. ఎవరు నువ్వు అని అడగదు. 2013లో ర్యాపిడ్7 సంస్థ పరిశోధకుడు హెచ్‌డీ మూర్ ఇంటర్నెట్‌ను గాలించి, బయటినుంచి కనిపిస్తున్న ఇలాంటి సీరియల్ సర్వర్లను 1,14,000కు పైగా లెక్కగట్టారు. వాటిలో 13 వేలకు పైగా చోట్ల అవతలి యంత్రం కన్సోలు ఎలాంటి ధ్రువీకరణా లేకుండా తెరిచే ఉంది. వాటిని బిగించినవాళ్లందరూ నిర్లక్ష్యపరులు కారు. తీగకు పాస్‌వర్డు ఉండదన్న పాత అలవాటును కొత్తచోటికి మోసుకొచ్చారు, అంతే.

మా కాటాను ఎవడు హ్యాక్ చేస్తాడు అన్న అభ్యంతరం ఇక్కడ వినిపిస్తుంది. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో జరిగినది దానికి జవాబు. మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంట్రోలు రూముల్లోకి నెట్‌వర్కు ద్వారా చొరబడినవాళ్లు బ్రేకర్లను తెరిచి సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు తీసేశారు. తర్వాత వాళ్లు సబ్‌స్టేషన్లలోని సీరియల్ నుంచి ఈథర్‌నెట్‌కు మార్చే డబ్బాల వెంటపడ్డారు. వాటి ఫర్మ్‌వేరును పనికిరాని సరుకుతో చెరిపి రాశారు. బ్రేకర్లు, వాటి పాత సీరియల్ పరికరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కంట్రోలు రూము కూడా ఉంది. మధ్యలో వంద రకాల సామాన్ల మధ్య ఎవరి కంటా పడని డబ్బా చచ్చిపోయింది, దాంతో దూరంనుంచి బ్రేకరు మూసే దారి పోయింది. సిబ్బంది బళ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో మూశారు. చేత్తో మూసే ఏర్పాటు ఇంకా మిగిలి ఉంది కాబట్టే కొద్ది గంటల్లో కరెంటు వచ్చింది. దాడి చేసినవాళ్లకు ఆ డబ్బా విలువ, దాన్ని బిగించినవాళ్లకంటే బాగా తెలుసు.

వీటిని బిగించే టెక్నీషియన్లకు, కొనే యజమానులకు నా మనవి ఇదీ. కొనేముందు యంత్రం మాన్యువల్ తీసి, సందేశం ముగింపు అక్షరంతోనా, పొడవుతోనా, మౌనంతోనా అన్నది చూడండి. మౌనంతో అయితే గేట్‌వే తప్ప వేరేది తీసుకోకండి. డబ్బాను ఇంటర్నెట్‌కు ఎదురుగా ఎప్పుడూ పెట్టకండి. ఆఫీసు కంప్యూటర్లతో కలవని విడి నెట్‌వర్కులో ఉంచి, ఫలానా ఒక్క కంప్యూటరుకే జవాబివ్వమని కట్టడి చేయండి. ఫ్యాక్టరీనుంచి వచ్చిన పాస్‌వర్డును బిగించిన రోజే మార్చండి. టెల్నెట్, వెబ్ సెట్టింగులలో వాడనివి మూసేయండి, ఫర్మ్‌వేరు కొత్తది వస్తే వేయండి. బాడ్ రేటు, ప్యాకింగ్ నియమం, కీప్-అలైవ్ గడువు ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి. తీగకు అవేవీ అవసరం లేకపోయింది, ఈ డబ్బాకు అవసరం.